తలకిందులుగా పడిన టారో కార్డు: చదవడం ఎలా, జోస్యం చెప్పడం ఎలా

బొమ్మల కార్డులతో జోస్యం చెప్పే టారో నేర్చుకునేవాళ్ళలో చాలామంది రివర్స్ (తలకిందులుగా పడిన) కార్డుల దగ్గరే ఆగిపోతారు. 78 కార్డుల అర్థాలు కష్టపడి బుర్రకెక్కించుకున్నాక, తలకిందులుగా పడితే వాటికి ఇంకో 78 అర్థాలు ఉంటాయని ఎవరో చెప్తారు. దాంతో కొందరు, కార్డు తిరగబడి పడగానే చప్పుడు చేయకుండా నిటారుగా తిప్పేసి చదివేస్తారు. ఇంకొందరు మంచి కార్డు తిరగబడితే చెడు, చెడు కార్డు తిరగబడితే మంచి అని లెక్క కట్టేస్తారు. పెళ్ళి సంబంధం గురించి అడగడానికి వెళ్ళిన ఒకమ్మాయికి సంతోషాన్ని చెప్పే సన్ కార్డు తలకిందులుగా పడిందని "ఈ పెళ్ళిలో నీకు సుఖం లేదు" అని చెప్పి పంపారట. ఆ అమ్మాయే తర్వాత నా దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆ ఒక్క మాట పట్టుకుని తిండి, నిద్ర మానేసి ఉంది. ఇలాంటివి చూసినప్పుడు నాకు బాధ, కోపం రెండూ వస్తాయి.

నేను మల్కాజిగిరిలో మా ఇంట్లోనే రీడింగ్ చెప్తాను, ఆదివారాలు నలుగురైదుగురికి నేర్పుతాను. వాళ్ళకు నేర్పే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. తిరగబడిన కార్డును నేను వేరే కార్డుగా చూడను. అదే కార్డు, దాని శక్తి దారిలో ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగిందో కనుక్కుంటే ఏం చెప్పాలో దానంతటదే తెలుస్తుంది.

కార్డులు కలపకముందే తేల్చుకోవాల్సినవి

ఈ సారి తిరగబడినవి చదువుతానా లేదా అన్నది కార్డులు చేతిలోకి తీసుకోకముందే నిర్ణయించుకోండి. పడ్డాక నిర్ణయించకూడదు. ఇష్టం లేని కార్డు తిరగబడితే చదివి, ఇష్టమైనది తిరగబడితే వదిలేస్తే అది మీ మనసు చెప్పే మాటే అవుతుంది, కార్డు చెప్పేది కాదు.

పేక వెనకవైపు డిజైన్ ఒకసారి చూసుకోండి. పైనుంచి చూసినా కిందనుంచి చూసినా ఒకేలా ఉండాలి. కొన్ని పేకల్లో వెనక ఒక చెట్టో, చంద్రవంకో ఒకవైపుకే ఉంటుంది. ఏ కార్డు తలకిందులుగా ఉందో తీయకముందే కనిపించిపోతుంది, చెయ్యి తెలియకుండానే నిటారు వాటి వైపు వెళ్తుంది. అలాంటి పేకతో రివర్స్ చదవొద్దు.

మామూలుగా పేకాటలో కలిపినట్టు కలిపితే కార్డులు ఎప్పటికీ తిరగబడవు, ఉన్న వైపే ఉంటాయి. అందుకని నేను గుడ్డ మీద అన్నీ బోర్లా పరిచి రెండు చేతులతో గుండ్రంగా కలియతిప్పుతాను. చోటు లేకపోతే పేకను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని అటుదిటు తిప్పి మళ్ళీ కలపండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే చాలు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. కార్డును పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కనుంచి తిప్పాలి. కింద అంచు పట్టుకుని పైకి ఎత్తి తిప్పారంటే నిటారుగా ఉన్నది తలకిందులైపోతుంది. రోజుకోలా తిప్పితే మీరు చదివేది మీ చేతి అలవాటునే. అలాగే మీకు ఎదురుగా కూర్చున్నవాళ్ళకు మీకు నిటారుగా ఉన్నవి తిరగబడి, తిరగబడినవి నిటారుగా కనిపిస్తాయి. చదివేవాళ్ళ వైపు నుంచే లెక్క అని ముందే చెప్పండి, లేకపోతే పాపం వాళ్ళు ప్రతి కార్డుకూ టెన్షన్ పడుతుంటారు.

పూర్తిగా కలియతిప్పిన పేకలో దాదాపు సగం తలకిందులుగానే ఉంటాయి. పది కార్డులు తీసి పరిచే స్ప్రెడ్‌లో నాలుగో, అయిదో, ఆరో తిరగబడటం చాలా మామూలు విషయం. మూడు తీస్తే మూడూ తిరగబడటం కూడా సగటున ఎనిమిది సార్లకు ఒకసారి అదంతటదే జరుగుతుంది. కాబట్టి "అమ్మో, ఇన్ని తిరగబడ్డాయి, మీ మీద ఏదో దోషం ఉంది" అనే మాటకు ఆధారం లేదు. అలా చెప్పి పూజలు, రాళ్ళు, తాయెత్తులు అంటగట్టేవాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

తిరగబడితే వ్యతిరేకమా?

తిరగబడిన కార్డుకు వేరే అర్థం చెప్పే అలవాటు పాతదే. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఝాన్ బాప్తిస్త్ అల్యెత్ అనే ఆయన ఉండేవాడు. తన ఇంటిపేరులోని అక్షరాలను వెనక నుంచి ముందుకు రాసుకుని ఎట్టెయిల్లా అనే పేరుతో 1770లో కార్డులతో జోస్యం చెప్పడం మీద పుస్తకం వేశాడు. అందులో వాడింది టారో కాదు, మామూలు పేకముక్కలు. వాటికే నిటారు అర్థం ఒకటి, తలకిందులు అర్థం ఒకటి ఇచ్చాడు. తర్వాత టారో మీద కూడా రాశాడు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించే పేకలు 1909లో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ సంస్థ వేసినదాన్ని అనుసరించి గీసినవే. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు. ఆ వెయిట్ రివర్స్ అర్థాలు ఏం రాశాడో చూస్తే 'వ్యతిరేకం' అన్న లెక్క అక్కడే తప్పిపోతుంది. సన్ కార్డు తలకిందులైతే అదే అర్థం, కొంచెం తక్కువ మోతాదులో అన్నాడు. ఫోర్ ఆఫ్ వాండ్స్ (కర్రల గుర్తులో నాలుగో కార్డు; మిగతా గుర్తులు కప్స్ అంటే గిన్నెలు, స్వోర్డ్స్ అంటే కత్తులు, పెంటకిల్స్ అంటే నాణేలు) తిరగబడినా అర్థం మారదన్నాడు. డెత్ తిరగబడితే జడత్వం, నిద్రమత్తు అన్నాడు, అంటే రావాల్సిన మార్పు రాకుండా గడ్డకట్టుకుపోవడం. మూడు కార్డులకు మూడు తీర్లు. ఆ పెళ్ళి అమ్మాయికి సన్ కార్డు గురించి నేను చెప్పింది కూడా ఇదే: సంతోషం ఉంది, దాని మీద ఏదో నీడ పడింది. ఆ నీడ ఏమిటో నువ్వే చెప్పగలవు. కట్నం మాటలు ఇంకా తేలలేదని అప్పుడు బయటపెట్టింది.

అసలు రివర్స్ పట్టించుకోని సంప్రదాయమూ ఉంది. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య విద్యల బృందం వాళ్ళు, కార్డు ఎటు పడినా దాని శక్తి ఒకటేననీ, పక్కన పడిన కార్డులను బట్టే అది బలపడటమో బలహీనపడటమో ఉంటుందనీ రాసుకున్నారు. నేను రివర్స్ చదువుతాను, కానీ పక్క కార్డులు చూడమన్న వాళ్ళ మాటను మాత్రం వదలను.

ఎక్కడ ఆగిందో కనుక్కోవడం

మొదట నిటారు అర్థాన్ని పైకి చెప్పుకోండి. రెండు మాటలు చాలు. ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ అయితే "ఒకే పనిని ఓపికగా, పదే పదే చేసి అందులో చేయి తిరగడం". ఆ తర్వాత, ఇది ఎందుకు సాఫీగా జరగడం లేదని అడగండి.

అపార్ట్‌మెంట్‌లో మోటారు వేసినా కుళాయిలో నీళ్ళు రాకపోతే ఏం చూస్తాం? బోరులో నీళ్ళు ఇంకా ఊరలేదేమో. నీళ్ళున్నా వాల్వు కట్టేసి ఉందేమో. లేదా ట్యాంకు నిండి పైనుంచి పొర్లి పోయిందేమో. లేదా ఉన్న నీళ్ళన్నీ వాడేసి ఖాళీ అవుతోందేమో. తిరగబడిన కార్డును కూడా ఈ నాలుగు చోట్లే వెతుకుతాను: ఇంకా రాలేదు, లోపలే కట్టేసి ఉంది, మోతాదు మించింది, వెళ్ళిపోతోంది. రెండు నాణేలను రెండు చేతులతో ఆడించే మనిషి ఉన్న టూ ఆఫ్ పెంటకిల్స్ తిరగబడితే నా అనుభవంలో ఎక్కువగా మోతాదు మించడమే. ఒక ఈఎంఐ కట్టడానికి ఇంకో క్రెడిట్ కార్డు గీకేవాళ్ళకు ఈ కార్డు పడితే వేరే వివరణ అక్కర్లేదు.

నాలుగింటిలో ఏదో ఎలా తెలుస్తుంది? పక్క కార్డు చెప్తుంది. టెక్సాస్‌లో ఉద్యోగం చేసే ఒకమ్మాయి వీడియో కాల్‌లో అడిగింది: "అక్కా, సంక్రాంతికి ఇండియా వచ్చి వెళ్ళడం కుదురుతుందా?" సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ తిరగబడింది. పడవలో ఒక స్త్రీ, ఒక బిడ్డ, వెనక పడవ నడిపే మనిషి. ప్రయాణం ఉంది, పడవ కదలడం లేదు. పక్కన జస్టిస్ నిటారుగా పడింది: చేతిలో త్రాసు, కత్తి. అంటే ఆగింది ఆమె లోపల కాదు, కాగితాల దగ్గర, అధికారుల నిర్ణయం దగ్గర. వీసా స్టాంపింగ్ తేదీ దొరకలేదని తనే చెప్పింది. అదే జస్టిస్ బదులు మూన్ పడి ఉంటే నేను వేరేగా చదివేదాన్ని. మూన్ అంటే సరిగా కనిపించని దారి, దాని వల్ల పుట్టే భయం. అప్పుడు "అడ్డం వీసా కంటే ముందు నీ భయంలో ఉంది, వెళ్తే తిరిగి రాలేనేమోనని టికెట్ చూడటమే మానేశావా?" అని అడిగేదాన్ని.

నైన్ ఆఫ్ స్వోర్డ్స్ కూడా ఇలాగే జాగ్రత్తగా చూడాలి. అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న మనిషి, వెనక గోడ మీద తొమ్మిది కత్తులు. ఇది తిరగబడగానే చాలామంది "బెంగ తీరిపోతోంది" అనేస్తారు. పక్కన ఆశను చెప్పే స్టార్ ఉంటే నేనూ అలాగే అంటాను. పక్కన టూ ఆఫ్ స్వోర్డ్స్, కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చున్న స్త్రీ ఉంటే మాత్రం, బెంగ తీరలేదు, ఎవరికీ చెప్పకుండా లోపలికి తోసేశారు అని చదువుతాను. ఈ రెండింటికీ చెప్పే మాట పూర్తిగా వేరు. ఇక్కడ తొందరపడితే ఎదుటి మనిషికి నష్టం.

పక్క కార్డు కూడా తేల్చకపోతే బొమ్మనే చూడండి, తలకిందులుగా ఎలా ఉందో అలాగే. ఏస్ ఆఫ్ కప్స్‌లో గిన్నె బోర్లాపడి నీళ్ళన్నీ ఒలికిపోతుంటాయి. టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో పడుకున్న మనిషి వీపులోని కత్తులు జారి కిందికి పడేట్టు కనిపిస్తాయి. సిక్స్ ఆఫ్ వాండ్స్‌లో విజయమాల వేసుకున్న రౌతు గుర్రం మీద నుంచి కిందికి వచ్చేస్తాడు. హ్యాంగ్డ్ మ్యాన్ తిరగబడితే నిటారుగా నిలబడ్డట్టు ఉంటాడు, కాలు మాత్రం ఇంకా కట్టేసే ఉంటుంది. ఎదురు చూడటం ఇక చాలు అనుకుని లేచాడు, కట్టు ఇంకా విప్పుకోలేదు. నాకు అన్ని కార్డుల్లోకీ ఇదే ఎక్కువ ఇష్టం. పుస్తకంలో అర్థం వెతక్కుండా బొమ్మ దగ్గర కాసేపు ఆగితే ఇలాంటివి దొరుకుతాయి.

రాజు, రాణి, నైట్, పేజ్ కార్డులు తిరగబడితే ఒక్క జాగ్రత్త. కింగ్ ఆఫ్ కప్స్ తిరగబడిందని "మీ ఆయన మోసం చేస్తున్నాడు" అని ఎప్పుడూ అనకండి. ఆ కార్డులో ఉన్నది మనసును అదుపులో పెట్టుకునే మనిషి. తిరగబడితే ఆ అదుపు తప్పిందనో, లేదా ఎక్కువై మనిషి నోరు విప్పడం మానేశాడనో చెప్పుకోవచ్చు. ఆ మనిషి భర్తో, తండ్రో, పై ఆఫీసరో, అడుగుతున్నవాళ్ళేనో కూడా కార్డు చెప్పదు. అడిగి తెలుసుకోండి.

ఇక జోస్యం

మనవైపు చిలక జోస్యంలో చిలక కార్డు తీస్తుంది, జోస్యుడు అందులో ఉన్నది చదువుతాడు, విని లేచి వచ్చేస్తాం. టారోకి వచ్చేవాళ్ళు కూడా అలాగే ఒక తీర్పు వినడానికి సిద్ధపడి వస్తారు. నేను మొదటే చెప్తాను: కార్డులు చెప్పేది ఇప్పుడున్న పరిస్థితి ఇలాగే సాగితే ఎటు పోతుందో. తిరగబడిన కార్డు అయితే ఎక్కడ చెయ్యి పెడితే దారి మారుతుందో కూడా చూపిస్తుంది. అందుకే జోస్యానికి రివర్స్ కార్డులంటే నాకు గౌరవం.

ప్రశ్న సరిగా లేకపోతే జోస్యం సరిగా రాదు. "నాకు ఉద్యోగం వస్తుందా?" అన్నదానికి గడువు లేదు, ఏ ఉద్యోగమో లేదు. "ఉగాది లోపు ఈ మూడు కంపెనీల్లో ఏదైనా ఆఫర్ ఇస్తుందా, ఇవ్వకపోతే నా వైపు ఏం లోపిస్తోంది?" అని మార్పించండి. గడువు ప్రశ్నలోనే పెట్టేయాలి. వాండ్స్ అంటే రోజులు, కప్స్ అంటే వారాలు అని కార్డుల్లోంచి కాలం తీసే లెక్కలు ఉన్నాయి, కానీ ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉంటుంది. నేను వాటి జోలికి పోను. గడువు ముందే ఉంటే తిరగబడిన కార్డు చదవడం తేలిక: ఈ గడువు లోపల సాఫీగా జరగదు, ఆగింది ఇక్కడ.

అలాగే నిటారుగా పడితే అవును, తిరగబడితే కాదు అనే పద్ధతి మానేయండి. దానికి 78 కార్డులెందుకు, రూపాయి బిళ్ళ చాలు.

గ్రూప్-2కి చదువుతున్న ఒక అబ్బాయి రీడింగ్ చెప్తాను. ప్రశ్న: "వచ్చే ఆరు నెలల్లో నా ప్రిపరేషన్ ఎలా సాగుతుంది?" గతం దగ్గర ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ నిటారుగా, ఇప్పుడు అన్నచోట నైట్ ఆఫ్ స్వోర్డ్స్ తలకిందులుగా, రాబోయేదానికి సిక్స్ ఆఫ్ వాండ్స్ తలకిందులుగా. మూడోది చూడగానే ఓడిపోతావని చెప్పేయడం చాలా సులువు. నేను మధ్య కార్డు దగ్గర ఆగాను. కత్తి ఎత్తి గుర్రాన్ని దౌడు తీయించే నైట్, తలకిందులు. మొదటి కార్డులో ఓపికగా ఒక్క పనిలో కూర్చున్నవాడు ఇప్పుడు నాలుగు దిక్కులా పరిగెడుతున్నాడు. అంటే మోతాదు మించింది. "బాబూ, ఒక్కో సబ్జెక్టుకు ఎన్ని మెటీరియల్స్ చదువుతున్నావు?" అని అడిగాను. పాలిటీకే మూడు పుస్తకాలు, రెండు యూట్యూబ్ చానెళ్ళు, ఒక యాప్ అన్నాడు. అప్పుడు రాసిచ్చిన జోస్యం ఇది: "ఇదే తీరులో చదివితే ఈ ఆరు నెలల్లో మాక్ టెస్టుల్లో మార్కులు నువ్వు అనుకున్నంత పెరగవు. సబ్జెక్టుకు ఒక్క పుస్తకం పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివితే మూడో నెల నుంచి పెరుగుతాయి." పరీక్షలో సెలెక్ట్ అవుతావా లేదా అన్నది చెప్పలేదు. ఎన్ని పోస్టులు, ఎంతమంది రాస్తారు, కటాఫ్ ఎంత అన్నవి ఆ మూడు కార్డుల్లో లేవు.

ఆ వాక్యంలో ఏముందో చూడండి. షరతు ఉంది, గడువు ఉంది, జరిగిందో లేదో చూసుకోవడానికి మార్కులున్నాయి. "కొన్ని ఒడిదుడుకులు ఉంటాయి, ఓపిక పట్టండి" లాంటి జోస్యం ఎవరికి చెప్పినా నిజమే అవుతుంది, అందుకే దాని వల్ల ఎవరికీ ఉపయోగమూ లేదు. తప్పని తేలే అవకాశం ఉన్న మాటే చెప్పండి. ధైర్యం కావాలి, కానీ మనల్ని నమ్మి వచ్చినవాళ్ళకు అంతమాత్రం బాకీ ఉన్నాం.

దీనికి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ప్రశ్న, పడిన కార్డులు, ఏవి తిరగబడ్డాయి, నాలుగింటిలో ఎక్కడ ఆగిందని చదివారు, చెప్పిన వాక్యం ఉన్నదున్నట్టు, గడువు. గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టి, ఆ రోజు అడిగి "జరిగింది, కొంత జరిగింది, జరగలేదు" అని రాయండి. పేరు రాయొద్దు, గుర్తు కోసం ఒక అక్షరం చాలు. కొన్నాళ్ళకు వెనక్కి తిప్పి చూస్తే మీ చదివే తీరు తెలుస్తుంది. నా దగ్గర నేర్చుకునే ఒకావిడ రివర్స్‌లన్నింటినీ "ఇంకా రాలేదు" కిందే చదువుతోందని ఆమె నోట్‌బుక్కే చూపించింది. నిజానికి వాటిలో చాలా "లోపలే కట్టేసి ఉంది" రకం. అది పట్టుకున్నాక ఆమె అడిగే ప్రశ్నలే మారిపోయాయి.

కొన్నింటికి కార్డులు తీయను. చావు, జబ్బు, కడుపులో బిడ్డ గురించి ఎవరడిగినా ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాను. కోర్టు తీర్పు, షేర్లలో ఏది కొనాలి, ఫలానా స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకోవాలా అన్నవాటికి వకీలు, ఆడిటరు ఉన్నారు. మూడో మనిషి గురించి, "వాడి మనసులో ఇంకో అమ్మాయి ఉందా" లాంటివాటికీ తీయను. "ఆ అనుమానంతో నేనేం చేయాలి?" అని మారిస్తే కూర్చుంటాను. టవర్, డెత్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్ ఎటు పడినా అవి బల్ల మీద కనిపించగానే ముందు బొమ్మలో ఏముందో నెమ్మదిగా వివరించండి. మీరు మాట్లాడకుండా ఉన్న ఆ పది సెకన్లలో ఎదుటివాళ్ళు ఏమేమి ఊహించుకుంటారో మీకు తెలియదు.

అదే ప్రశ్నకు గడువు లోపల మళ్ళీ కార్డులు తీయను. తిరగబడిన కార్డు పడ్డ మర్నాడే చాలామంది ఫోన్ చేస్తారు, "ఇంకొక్కసారి తీయరా అక్కా, ఈసారి నిటారుగా పడుతుందేమో" అని. అప్పుడు నోట్‌బుక్ తీసి, ఆగిన చోట ఏం చేద్దామనుకున్నామో చదివి వినిపిస్తాను, అది మొదలుపెట్టారా అని అడుగుతాను. మొదలుపెట్టి, పరిస్థితి నిజంగా మారి ఉంటే అది కొత్త ప్రశ్న కిందే లెక్క, కొత్త గడువుతో కొత్తగా తీస్తాను. లేకపోతే పాత గడువు వచ్చేదాకా పేక పెట్టెలోనే ఉంటుంది.